మెట్లు దిగి వెళ్ళే ఇల్లు

పోర్ట్ బ్లెయిర్‌లో మా ఇంట్లోకి రావాలంటే రోడ్డు మీంచి రెండు మెట్లు దిగాలి. విశాఖపట్నం నుంచి ఓడలోనో విమానంలోనో వచ్చిన బంధువులు ఆ మెట్ల దగ్గర కాసేపు ఆగుతారు. చెప్పులు విప్పే నెపంతో ఇంటిని పైకీ కిందికీ చూస్తారు. ఇల్లన్నాక ఎక్కి వెళ్ళాలి గానీ దిగి వెళ్ళడమేమిటన్న ప్రశ్న వాళ్ళ ముఖంలోనే కనబడుతుంది. పెద్దవాళ్ళయితే అడిగేస్తారు కూడా. మా ఆవిడ జవాబు చెప్పకుండా వాళ్ళని మేడ మీదికి తీసుకెళ్ళి నైరుతి మూల చూపిస్తుంది. నేను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మొదటినుంచీ చెబుతాను. ఇక్కడ రాస్తున్నది ఆ చెప్పేదే, కాకపోతే కాస్త వరసగా.

నేను ఓడరేవులో సరుకుల గుమాస్తాగా చేరి అక్కడే పదవీ విరమణ చేశాను. ఓడ ఎంత బరువు మోస్తే అంతగా నీళ్ళలోకి దిగుతుంది. ఎంత దిగిందో దాని ఒంటి మీద వేసిన అంకెలు చెబుతాయి. చిన్న పడవలో ఓడ చుట్టూ తిరిగి ఆ అంకెలు చదివి రాసుకు రావడం నా పనిలో ఒక భాగం. అంకెల పక్కనే ఒక గీత ఉంటుంది. సరుకు ఎంతైనా ఎక్కించుకోవచ్చు గానీ ఆ గీత మునగకూడదు. ఇంకో నాలుగు బస్తాలు, ఇంకో నాలుగు బస్తాలు అంటూ బతిమాలే వ్యాపారుల్ని ఉద్యోగమంతా చూశాను. సముద్రం అద్దంలా ఉన్న రోజున ఆ గీత ఉత్త చాదస్తంలాగే ఉంటుంది. అది గీసింది ఆ రోజు కోసం కాదు.

ఆ ఉద్యోగంలో పడిన అలవాటు కొద్దీ ఇంట్లోనూ రోజూ డైరీ రాస్తాను. వాన పడిందా, కుళాయి వచ్చిందా, ఏ ఓడ వచ్చింది, ఎవరు వచ్చి వెళ్ళారు, అంతే. ఇల్లు కట్టిన కాలంలోని డైరీ తిరగేస్తే వాన, సిమెంటు, చెల్లెలు అనే మూడు మాటలే ఎక్కువగా కనబడతాయి. అసలు ఆ ఇంట్లో మూడో అంతస్తు పెట్టుకున్నదే చెల్లెలి కోసం.

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ చేపల వేట చేసుకుంటూ స్థిరపడ్డాడు. నేను చదువుకుని ఆఫీసులో పడ్డాను. చెల్లెల్ని మాత్రం మా వాళ్ళలోనే వేటకి వెళ్ళే కుర్రాడికి ఇచ్చారు. ఒడ్డున ఇసుక మీద వాళ్ళ ఇల్లు. సునామీ వచ్చిన ఉదయం భూమి ఊగి ఆగాక ఆమె గుమ్మంలోకి వచ్చి చూసేసరికి, రోజూ ఉండేచోట నీళ్ళు లేవు. వెనక్కి పోయిన సముద్రాన్ని చూడ్డానికి కొందరు కిందికి పోతుంటే, చెల్లెలూ ఆమె భర్తా కొండకేసి పరుగెత్తారు. మనుషులు దక్కారు. ఇల్లు దక్కలేదు.

ఆ తర్వాత వాళ్ళు ఊళ్ళోనే ఆస్టినాబాద్‌లో ఒక మేడ మీది గది అద్దెకు తీసుకున్నారు. కింద వాటా ఖాళీ అయినా, అది ఇంకా వసతిగా ఉన్నా దిగలేదు. కొన్నేళ్ళకి అతను జబ్బు చేసి పోయాడు. పిల్లల్లేరు. నా దగ్గరికి వచ్చెయ్యమంటే నేనప్పుడు ప్రభుత్వ క్వార్టర్లో ఉన్నాను, అదీ నేల మీది ఇల్లే. రాలేదు. ఆ మేడ మీదే చేపలు ఎండబెట్టి, మిడిల్ పాయింట్‌లో తెలిసిన ఇళ్ళకి తీసుకెళ్ళి అమ్ముకుంటూ ఉండిపోయింది. "నీ ఇల్లు కట్టినప్పుడు పైది నాకు ఇయ్యి అన్నియ్యా, అప్పుడొత్తాను" అనేది నవ్వుతూ. "నీదే" అనేవాణ్ణి నేనూ.

పదవీ విరమణ అయ్యాక మిన్నీ బేలో ఎప్పుడో కొన్న స్థలంలో ఇల్లు మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే చెల్లెలు అద్దెకున్న ఇంటివాళ్ళు తమ ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టుకుంటామని, వానలు తగ్గేలోగా ఖాళీ చెయ్యమని చెప్పారు. నవ్వులాట కాస్తా నిజమైన పని అయింది.

మా వైపు మూడంతస్తులకి మించి కట్టకూడదు. అంతస్తులు మూడే అయినా మొత్తం ఎత్తుకి ఇంకో హద్దు ఉంది. తరచూ ఊగే భూమి, జారే కొండవాలు ఉన్నచోట అది ఉండవలసిందే. కింద మేమిద్దరం, మధ్యలో కొడుకూ కోడలూ, పైన చెల్లెలు అనుకుని వేయించిన ప్లాను ఆ రెండు హద్దుల్లోనూ ఒదిగింది, అనుమతి కూడా వచ్చింది. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందిని మేమే లారీలో తెప్పించుకున్నాం.

మా స్థలానికి తూర్పున రోడ్డు. అక్కణ్ణుంచి నేల పడమరకీ దక్షిణానికీ జారుతూ నీళ్ళ వైపు దిగిపోతుంది. నైరుతి మూల అన్నింటికంటే పల్లం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మావాళ్ళకి ఇంతకంటే ఇబ్బందైన స్థలం ఉండదు. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. ఈశాన్యం పల్లంగా ఉండాలి. అరుగు రోడ్డు కంటే పైకి ఉండాలి. పోర్ట్ బ్లెయిర్ కొండలు ఈ లెక్క ప్రకారం పుట్టలేదు కాబట్టి, ఇక్కడ మావాళ్ళు ముందు మట్టి పోసి కొండని సరిచేసుకుని, తర్వాత ఇల్లు కట్టుకుంటారు.

పునాది గుంతల్లోంచి స్తంభాలు లేచే సమయానికి మా ఆవిడ స్థలం చూడ్డానికి వచ్చింది. నైరుతి మూలకి వెళ్ళి కిందికి తొంగి చూసింది.

"ఏటండీ ఇది? నూతిలా ఉంది. ఇలాంటి నైరుతి పెట్టుకుని ఇంట్లో పాలు పొంగిత్తే మా అమ్మ పైనించి తిడతాది."

మేస్త్రిది టెక్కలి వైపు. ఈ దీవుల్లో ముప్పావు జీవితం గడిపిన మనిషి. "దానికేటి దీదీ? మట్టి పోయించేద్దాం. ఇంటి మొత్తాన్ని రోడ్డు మీంచి మూడు మెట్లు పైకి లేపి, నైరుతి ఇంకో బెత్తెడు ఎత్తు పెడదాం. మనోళ్ళిళ్ళన్నీ అలాగే గదా" అన్నాడు.

"ప్లానులో అరుగు ఎంత ఎత్తుందో చూశావా?" అన్నాను నేను.

"ప్లాను కాయితం మీదుంటాది భయ్యా. నేల నేల మీదుంటాది."

ఆ మాట నాకూ నచ్చింది. పల్లం వైపు రాతిగోడ కట్టించి లారీలకొద్దీ మట్టి పోయించాం. నీళ్ళు పట్టి దిమ్మిస కొట్టారు. పని పూర్తయ్యేసరికి నైరుతి మూల నిలబడితే బే అంతా కనబడింది. మా ఆవిడ అక్కడ కొబ్బరికాయ కొట్టింది.

స్తంభాలన్నిటినీ కలిపే అడుగు బీములు పోసే ముందు ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చి చూడాలి. వచ్చినవాడు మా అబ్బాయికంటే చిన్నవాడు. వాళ్ళింట్లో మాట్లాడేది బెంగాలీ. చిన్నప్పట్నుంచీ తెలుగువాళ్ళ మధ్య పెరిగాడు కాబట్టి మా భాష కూడా నాలుక మీద ఉంది. కొత్త మట్టిని బూటు మడమతో నొక్కి చూశాడు. రాతిగోడ అవతలికి దిగి, గోడ మొదట్లో గడ్డి మొలిచిన నేల చూశాడు.

"అంకుల్, యే మిట్టీ కబ్ డాలా?"

ఈ మట్టి ఎప్పుడు పోశారని అడుగుతున్నాడు. పోయిన నెల అన్నాను.

"నాప్ తో అస్లీ జమీన్ సే హోగా." కొలత అసలు నేల నుంచే, మేం పోసిన మట్టి నుంచి కాదన్నమాట. టేపు తీసి నాలుగు మూలలా కొలిచాడు. ప్లాను గోడకి ఆనించి లెక్క వేశాడు. "పై కప్పు హద్దు దాటి మూరెడు పైకి పోతోంది. మీ తెలుగోళ్ళ ఇళ్ళన్నీ ఇదే కహానీ అంకుల్. ఇంటి కింద కొండ పెడతారు, ఆ కొండ మీద ఇల్లు పెడతారు."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"రెండంతస్తులే కట్టుకోండి. లేకపోతే ఎత్తు తగ్గించి పిలవండి, మళ్ళీ వస్తా. అప్పటిదాకా బీములు పొయ్యకండి."

మర్యాదగానే చెప్పాడు. నేనూ అతనితో వాదించలేదు. అతను చదివింది ఓడ ఒంటి మీది గీత లాంటిదే. ఆ గీత చదివి చెప్పడం ఒకప్పుడు నా పని, ఇప్పుడు అతని పని. కానీ రెండంతస్తులంటే చెల్లెలి వాటా పోయినట్టే. కింది వాటా ఆమెకిచ్చి నేను పైకి పోవచ్చు గానీ, కింద ఆమె ఉండదు.

రెండు రోజుల తర్వాత మిడిల్ పాయింట్‌లో ఇనుము కొట్టు దగ్గర నేనూ మా అబ్బాయీ మేస్త్రీ కలిశాం. తెప్పించిన ఊచలు తీసుకోవాలా, ఆపమనాలా అన్నది తేలాలి.

"రెండంతస్తులని సెప్పి లేపేద్దాం భయ్యా" అన్నాడు మేస్త్రి. "మూడోది మెల్లగా ఎక్కిద్దాం. ముందు రేకుల షెడ్డంటాం. తర్వాత షెడ్డుకి గాలి కొడతందని గోడలంటాం. కౌన్ దేఖ్తా హై? ఎవడు సూత్తాడు?"

"నాన్నా, మిన్నీ బేలో సబ్ లోగ్ ఐసాహీ కర్తే హైఁ" అన్నాడు మా అబ్బాయి. వాడు బడిలో పాఠాలు చెబుతాడు. ఇంట్లో మాత్రం సగం హిందీ, సగం తెలుగు. "ఒక్క మూర కోసం అత్త ఇల్లు ఆగిపోవాలా?"

"ఆగకూడదనే నేనూ అంటున్నాను. అత్త ఇల్లు ఒకసారి నీళ్ళు పట్టుకుపోయాయి. అప్పుడు అడగడానికి ఎవరూ లేరు. ఈసారి ఎవరో నోటీసు పట్టుకొచ్చి కప్పు తియ్యమంటే అత్తకేం చెబుతావు? అందరూ అలాగే కట్టారని చెబుతావా?"

వాడు ఊచల కట్ట మీది తుప్పు గోటితో గీకాడు.

"తీసెయ్యమనడానికి వీలున్న ఇల్లు నేను దానికి ఇవ్వను. ఇస్తే ఎవరూ కదపలేని ఇల్లే ఇస్తాను."

"హార్బర్లో ఉండీ ఉండీ మీరు ఓడ మాటలే మాటాడతారు భయ్యా" అన్నాడు మేస్త్రి. ఊచలు మాత్రం ఆపమనలేదు నేను. మూడంతస్తులకీ సరిపడా తీసుకున్నాను. హద్దు దాటకూడదని ఎంత గట్టిగా అనుకున్నానో, మూడో అంతస్తు కట్టాలనీ అంతే గట్టిగా అనుకున్నాను.

ఈలోగా సంగతి చెల్లెలికి చేరింది. ఆస్టినాబాద్ వెళ్ళేసరికి మేడ మీద చాప పరిచి, ఎండు చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"మానియ్యి అన్నియ్యా. మూరెడు ఎత్తు కోసం ఇంటిల్లిపాదీ కొట్టుకోడమెందుకు? నాకు గది దొరికింది."

"ఎక్కడ?"

"కింద. జెట్టీ కాడ."

"నేల మీదేనా?"

"నేల మీద కాక నీళ్ళ మీదుంటాదేటి?" అంది. నవ్వు రాలేదు ఆమెకి, నాకూ రాలేదు.

గది తలుపు పక్కన మేకుకి ఒక గుడ్డ సంచి వేలాడుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి చూస్తున్నాను. అందులో రేషన్ కార్డూ బ్యాంకు పుస్తకం లాంటి కాగితాలు, ఒక చీర, టార్చి లైటు, బిస్కెట్ల పొట్లం ఉంటాయి. మళ్ళీ భూమి ఊగితే లాక్కుని పరుగెత్తడానికి.

"జెట్టీ కాడ ఆ సంచి ఎక్కడ పెడతావ్?" అన్నాను.

"ఇక్కడైతే మేకునుంటాది. అక్కడైతే నా భుజానే ఉంటాది. వంట సేసినా, తానానికెల్లినా." ఒక చేపని తోక పట్టుకుని తిప్పి, మళ్ళీ అలాగే పెట్టింది. "నానెక్కడో ఒక సోట ఉండాలి గదా."

"గది మనిషికి మాటిచ్చేశావా?"

"ఆదివారం సెప్తానన్నాను."

"ఆదివారం పొద్దున్న స్థలం దగ్గరికి టీకి రా. ఆ తర్వాత చెప్పుకుందువు గాని."

తిరిగి వచ్చి కాగితం, స్కేలు పట్టుకుని కూర్చున్నాను. అంతస్తుల లోపలి ఎత్తు తగ్గించి మూర సంపాదించవచ్చేమో చూశాను. ఎత్తుకి పైహద్దు ఉన్నట్టే గదుల ఎత్తుకి కిందిహద్దు కూడా ఉంది. దాని దగ్గరే ఉన్నాం. అదీగాక ఈ ఉక్కలో తల మీద కప్పు పెట్టుకుని బతకలేం. చెల్లెలి గదికి శ్లాబు బదులు రేకులు వేస్తే కొంత తగ్గుతుంది, కానీ అక్కడ ఆమె మధ్యాహ్నం ఉండలేదు. పైనుంచి కోయడానికి ఏమీ లేదు. అయితే కిందినుంచి కోయాలి. ప్లానులో ఉన్నట్టు రోడ్డు మట్టానికే దించితే కప్పు సరిగ్గా హద్దుని తాకుతుంది, కట్టడంలో వేలెడు తేడా వచ్చినా మళ్ళీ దాటుతుంది. పోసిన మట్టి తీసేసి, రోడ్డు వైపు నేలని కొంచెం తవ్వి, ఇంటి అడుగుని రోడ్డు కంటే రెండు మెట్లు దించితే ఇల్లంతా ఒక్కసారిగా కిందికి వస్తుంది. పునాదులు ఎలాగూ ఇంకా లోతునే ఉన్నాయి. బీములు పొయ్యలేదు కాబట్టి ఆలస్యం కూడా కాలేదు. సరుకు దించితే ఓడ పైకి లేస్తుంది. మా ఇంటికి మటుకు సరుకు దించితే ఇల్లే దిగుతుంది. లెక్క రెండుసార్లు వేసి చూసుకున్నాను. సరిపోయింది.

లెక్కకి మా ఆవిడ ఒప్పుకోవడం మిగిలింది.

ఆదివారం స్థలంలో సిమెంటు బస్తాల షెడ్డు కింద నలుగురం కూర్చున్నాం. చెల్లెలు ఫ్లాస్కులో టీ తెచ్చింది, టీకి పిలిచింది నేనైనా. నేను కాగితం పరిచి చెప్పాను.

"ఇంట్లోకి దిగి ఎల్లాలా?" అంది మా ఆవిడ. "వానాకాలంలో ముందు మనం ఎల్తామా, రోడ్డు మీది నీళ్ళు ఎల్తాయా?"

"మెట్ల ముందు అడ్డంగా కాలవ తీసి జాలీ వేస్తాం. రోడ్డు నీళ్ళన్నీ అటు పక్క మోరీలోకి పోతాయి. కప్పు మీది వాన నీళ్ళు పట్టుకోవడానికి ఈశాన్యంలో భూమిలోపల ట్యాంకు ఎలాగూ ఉంది. కుళాయి రాని రోజున అదే దిక్కు."

"ఈశాన్యంలో నీళ్ళుండాలని నాకు తెలుసు లెండి. నైరుతి సంగతి సెప్పండి. మట్టి తీసేత్తే అది మళ్ళీ నుయ్యే గదా."

మా అబ్బాయి గొంతు సవరించుకుని, "అమ్మా, వో సబ్ పాతకాలం బాత్..." అనబోతే వాళ్ళమ్మ చూసిన చూపుకి టీ తాగడంలో పడ్డాడు.

చెల్లెలు కల్పించుకుంది. "వదినా, జెట్టీ మీంచి పడవలోకి దిగే గదా ఎల్తాం. ఏనాడన్నా అపశకునం అన్నామేటి?"

"పడవకి నైరుతేది అమ్మీ? అది తిరుగుతా ఉంటాది. ఇల్లు తిరగదు."

అందరం నవ్వాం. చెల్లెలు కూడా నవ్వింది. కానీ నవ్వేశాక గ్లాసు కింద పెట్టి, "వదినకి మనసు లేని ఇంట్లో నానుండను అన్నియ్యా. మట్టి అలాగే ఉంచండి. మీరు రెండంతస్తులు కట్టుకోండి" అని లేవబోయింది.

మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నీకెవరు సెప్పారు నాకు మనసు లేదని? నాకు లేనిది నైరుతి." తర్వాత నా కాగితం తన వైపు తిప్పుకుంది. "ఈ మేడ మెట్లెక్కడున్నాయి?"

"దక్షిణం వైపు, మధ్యలో."

"పైన నీళ్ళ ట్యాంకో?"

"మెట్ల మీది గది పైన."

"అయితే మెట్లు నైరుతి మూలకి జరపండి. మెట్లు కింద నించి పైదాకా ఎంత బరువు! దాని మీద గది, ఆ గది మీద ట్యాంకు. ఇంట్లో అన్నిటికన్నా ఎత్తు అదే, బరువూ అదే. నైరుతి ఎత్తుండాలన్నారు గానీ, కింది నించే ఎత్తాలని ఎవరన్నారు?"

నేను కాగితం మళ్ళీ నా వైపు తిప్పుకున్నాను. స్తంభాల వరస చూశాను. మూల స్తంభాలు ఆ బరువు మోయగలవు. మేస్త్రిని పిలిచి అడిగితే గోడలు రెండు మారతాయి తప్ప ఇంకేం లేదన్నాడు. "దీదీని ముందే అడిగుంటే ఆ మట్టి పోసేవోళ్ళమే కాదు" అని కూడా అన్నాడు. నైరుతి నూతిలా ఉందన్నది దీదీయేననీ, మట్టి మాట ఎత్తింది తనేననీ ఎవరూ గుర్తు చెయ్యలేదు.

మర్నాడు ప్లాను గీసినాయన చేత మార్పులు వేయించుకుని ఆఫీసుకి వెళ్ళాను. ఆ కుర్ర ఇంజనీరే ఉన్నాడు. "మెట్ల గది, ట్యాంకు ఎత్తు లెక్కలోకి రావు అంకుల్. దానికీ వేరే హద్దుంది, అంతలో ఉండాలి. తర్వాత ఆ గది మీద ఇంకో గది కట్టకండి."

"దాని మీద నీళ్ళే ఉంటాయి బాబూ" అన్నాను.

చెల్లెలికి ఫోన్ చేసి గది వద్దని చెప్పెయ్యమన్నాను. "టేపు పెట్టి కొలిసినాక సెప్తాను" అంది. జెట్టీ దగ్గరి మనిషిని ఇంకొన్నాళ్ళు ఆగమని అడిగిందట. నాకు కోపం రాలేదు. నా మాట మీద నమ్మకం లేక కాదు. నేల మీద నమ్మకం పోయిన మనిషి కొలిచి చూసుకుంటానంటే అడ్డుచెప్పడానికి లేదు.

మట్టి తీయడం పోసినంత సులువు కాలేదు. పోసేటప్పుడు ఎండ, తీసేటప్పుడు వాన. దిమ్మిస కొట్టిన మట్టి తడిసి పారకి అంటుకుపోయేది. మేస్త్రి గొడుగు కింద నిలబడి, "పోసిన సేత్తోనే తియ్యమంటన్నారు, రేపు మళ్ళీ పొయ్యమంటారు" అని గొణుక్కునేవాడు. తీసిన మట్టిని ఎక్కడ పొయ్యాలన్న చింత లేకపోయింది. ఈ దీవుల్లో మంచి మట్టి దొరికితే ఎవరూ వదులుకోరు. మా కింది వాలులో ఉండే తమిళ కుటుంబం అరటి మొక్కల కోసం చాలా భాగం మోయించుకుపోయింది. రాతిగోడని పై వరసలు తీయించి కావలసినంత ఉంచాం. మిగిలిన రాళ్ళు ముందు కాలవకి పనికొచ్చాయి. నేను రోజూ ఉదయం వెళ్ళి, తాడు కట్టి, ఎంత దిగామో చూసుకునేవాణ్ణి. వాన పడిన రోజుల్లో పని తక్కువ, డైరీలో మాటలు ఎక్కువ.

కొలతకి ఇంజనీరు వచ్చే రోజున చెల్లెలు చెప్పకుండానే వచ్చింది. చేపల బుట్ట రోడ్డు పక్కన దింపి, చీర కొంగు నడుముకి దోపుకుని నిలబడింది. బీముల మట్టం ఎక్కడికి వస్తుందో స్తంభాల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి ఉన్నాయి. నైరుతి మూల టేపు కొస కింద పట్టుకోవడానికి ఒక మనిషి కావలసివచ్చింది. మా అబ్బాయి బూట్లు విప్పుతూ ఉండగానే చెల్లెలు గోడ అవతలికి దిగిపోయింది.

"ఆంటీ, రాయి మీద కాదు. నేల మీద పెట్టండి" అని పైనుంచి అరిచాడు ఇంజనీరు.

"నేల మీదే బాబూ. నేలంటే నాకు తెలీదేటి?"

గడ్డి పక్కకి తప్పించి, టేపు కొసని రెండు చేతులతో నేలకి నొక్కి పట్టుకుంది. అతను ఎర్ర గుర్తు దగ్గర చదివాడు. మిగతా మూడు మూలలూ కొలిచి, మూడంతస్తుల ఎత్తూ కలిపి లెక్క వేశాడు. మళ్ళీ ఇంకోసారి వేశాడు. చెల్లెలు ఇంకా టేపు కొస వదల్లేదు.

"హో గయా అంకుల్. హద్దుకి జానెడు కిందే ఉంది."

"జానెడు మిగిలిందా?" అంది కిందినుంచి చెల్లెలు. "అయితే నా కప్పు ఇంకో జానెడు లేపుతారేటి?"

"మిగలనీ" అన్నాను నేను.

ఆమె పైకి ఎక్కి వచ్చి, చేతులు చీరకి తుడుచుకుని, రొంటిన ఉన్న ఫోన్ తీసింది. మాకు వినబడేలాగే మాట్లాడింది. "భయ్యా, వో కమ్రా నహీ చాహియే. హాఁ, నహీ చాహియే. కిసీ ఔర్ కో దే దో." ఆ గది వద్దని, ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని. ఫోన్ రొంటిన దోపుకుని బుట్ట ఎత్తుకుని, "మిడిల్ పాయింట్‌లో నా కోసం సూత్తంటారు" అని వెళ్ళిపోయింది. ఇంజనీరు బీములకి సరేనని రాసి సంతకం పెట్టాడు.

ఇల్లు పూర్తయ్యేలోపే ఆస్టినాబాద్ గది ఖాళీ చెయ్యవలసి వచ్చింది. చెల్లెలు కొన్ని వారాలు, క్వార్టర్ వదిలాక మేం తీసుకున్న అద్దె ఇంట్లో సర్దుకుంది. అది నేల మీది ఇల్లే. సంచి భుజాన లేదు గానీ తలగడ పక్కన ఉండేది. పై శ్లాబు ఆరగానే, రంగులు కూడా వెయ్యకముందే, ఆమె సామాను అందరికంటే ముందు మూడో అంతస్తుకి ఎక్కింది. మేం తర్వాత వచ్చాం, రెండు మెట్లు దిగి.

అప్పట్నుంచీ ఆమెకీ నాకూ ఒక్క విషయంలోనే తగువు. మేడ మీద ఎండ బాగా తగులుతుంది, చేపలు బాగా ఎండుతాయి, కానీ వాన చెప్పి రాదు. అందుకని రేకుల షెడ్డు వెయ్యమంటుంది. నేను వెయ్యనంటాను.

"రేకులే గదా అన్నియ్యా! గాలికెగిరిపోయేదాన్ని ఎవడు కొలుత్తాడు?"

"నేను కొలుస్తాను."

"జానెడు మిగిలింది గదా, అందులో వెయ్యి."

"జానెడు ఎత్తు షెడ్డులో నువ్వెలా దూరతావ్?"

ఇది వారానికి ఒకసారైనా జరుగుతుంది. ఈలోగా ఆమె తన దారి తను చూసుకుంది. నైరుతి మూలన మెట్ల గది మీద, నాలుగు పొట్టి స్తంభాల దిమ్మ మీద ట్యాంకు ఉంది. దిమ్మ కింద నడుం ఎత్తు చోటు. మబ్బు పట్టగానే చాపలు చుట్టి, గోడకున్న ఇనుప మెట్లెక్కి అందులోకి తోసేస్తుంది. మా ఆవిడ బంధువులకి నైరుతి చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు వాళ్ళు ముక్కు మూసుకుంటే, "బరువుగా ఉండాలన్నారు గదండీ, అందుకని నింపాం" అంటుంది.

పోయిన వానల్లో ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చున్నాను. చెల్లెలు మెట్లు దిగి వస్తోంది. భుజాన ఆ గుడ్డ సంచి. నాకు తెలియకుండా భూమి ఊగిందేమో, రేడియోలో ఏమైనా చెప్పారేమో అని లేచి నిలబడ్డాను.

ఆమె నన్ను చూడకుండా వంటింట్లోకి వెళ్ళి, సంచిలోంచి ఎండు నెత్తళ్ళు తీసి మా ఆవిడ చేట్లో పోసింది.

"ఇందులోవి ఏవి?" అన్నాను గుమ్మంలో నిలబడి. "కాగితాలు, టార్చి?"

"బీరువాలో పెట్టాను. మంచి సంచి, ఊరికే మేకుకి ఏలాడగట్టడం ఎందుకు?" సంచి దులిపి మడిచి చంకలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర నన్ను దాటుతూ, "రేకుల సంగతి మాత్రం నాను మరిసిపోలేదు" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.